పాత బండి ఇంజిన్ బేలో వైరింగ్ శుభ్రం చేసి కనబడకుండా దాచడం ఎలా

రాయగడ, జైపూర్, పర్లాకిమిడి, బరంపురం వైపు పాత మారుతి 800, జిప్సీ, మహీంద్రా జీపు కొని ముచ్చటగా తయారు చేయించుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. రంగు వేయిస్తారు, సీట్లు కుట్టిస్తారు, టైర్లు మారుస్తారు, డబ్బు మంచినీళ్లలా ఖర్చవుతుంది. తీరా బానెట్ ఎత్తి చూపిద్దామంటే లోపల వైర్లు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతున్నాయో తెలియకుండా అడ్డదిడ్డంగా వేలాడుతుంటాయి, వాటి మీద పాత ఓనర్ల కాలం నాటి ఇన్సులేషన్ టేపు జిగురు కారుతూ ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి, అక్కర్లేనివి తీసేసి, ఉన్నవాటిని పక్క దారుల్లో కనబడకుండా నడిపించడం ఎలాగో మొదటి నుంచి చెబుతాను. ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోగలిగిన పని ఇది. ఓపిక లేకపోతే మాత్రం మొదలుపెట్టకండి, సగంలో ఆపితే బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

మా దగ్గర ఒక ఎలక్ట్రీషియన్ మేస్త్రికి ఈ ఆలోచన చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "బాబూ, ఇవన్నీ లోపలికి తోసేస్తే రేపు బండి సుంకి ఘాట్‌లో ఆగిపోతే నేను ఎక్కడెక్కడ వెతుక్కోవాలి?" అని. న్యాయమైన ప్రశ్న. పైన కనబడే వైరు అరిగితే కంటికి తెలుస్తుంది, దాచేసిన వైరు అరిగితే పొగ వచ్చేదాకా తెలియదు. అందుకని దాచే ప్రతి వైరూ మునుపటికన్నా గట్టిగా ఉండాలి, దాని ఆచూకీ కాగితం మీద ఉండాలి. కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటి కోసమే, అందం ఎలాగూ వస్తుంది.

ముందు మీ బండి దీనికి పనికొస్తుందా

కార్బురేటర్ ఉన్న 800, పాత డీజిల్ జీపు అయితే హాయిగా చేయొచ్చు, వైర్లు తక్కువ, దేని పని దానిది. ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (కార్బురేటర్ బదులు సెన్సార్లు, కంప్యూటరు చూసుకుని పెట్రోలు చిమ్మే రకం) ఉన్న జిప్సీ, ఎస్టీమ్ లాంటివి కూడా చేయొచ్చు గానీ సెన్సార్ వైర్ల దగ్గర చాలా జాగ్రత్త కావాలి, అది తర్వాత చెబుతాను. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న బండి అయితే వాటి వైర్ల జోలికి అసలు వెళ్లకండి. ఎయిర్‌బ్యాగ్ వైర్లకు మామూలుగా పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు) ఉంటాయి, అవి కనబడితే అక్కడితో చెయ్యి ఆపేయండి. కంపెనీ వారంటీ ఇంకా నడుస్తున్న బండికీ ఇది వద్దు, వైరింగ్ కోసినట్టు తెలిస్తే వారంటీ ఒప్పుకోరు. సీఎన్జీ కిట్ వైర్లు కూడా కిట్ బిగించినవాళ్లకే వదిలేయండి.

చట్టం సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఉన్న వైర్లను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడపడం వేరు, ఇంజిన్ మార్చడం, బాడీ కోయడం వేరు. అయినా చేసిన పనికి ఫోటోలు, కొన్న సామానుకు బిల్లులు దాచుకోండి, ఇన్సూరెన్స్ సర్వేయర్ అడిగితే చూపించడానికి ఉంటాయి.

సామాను

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఇంటి వైరింగ్‌కు వాడే వైరు మిగిలి ఉంది కదా అని దాన్నే బండిలో వేసేస్తారు. బండి వైరులో సన్నని రాగి పోగులు ఎక్కువ ఉంటాయి, వంగినా అదిరినా తట్టుకుంటుంది. మామూలు ఇంటి వైరు పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది, ఇంజిన్ బేలో ఎగ్జాస్ట్ పక్కన ఆ వేడి ఎంతసేపు? ఆటో వైరు అని అడిగి తీసుకోండి, కొంచెం చివర ఒలిచి పోగులు ఎర్రగా ఉన్నాయా లేదా చూడండి. గోకితే తెల్లగా తేలితే అది రాగి పూత వేసిన అల్యూమినియం, తీసుకోవద్దు.

సైజు విషయంలో లెక్క తేలికే. 60 వాట్ల హెడ్‌ల్యాంప్ బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిపి 10. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు సుమారు 0.0175 ఓమ్ అడ్డుకుంటుంది కాబట్టి 3 మీటర్ల పొడవున 10 ఆంపియర్లు పంపిస్తే దారిలోనే అర వోల్టు పోతుంది, లైటు మసకబారుతుంది. అదే 2.5 సైజు వేస్తే పోయేది 0.2 వోల్టే. వైర్లు దాచేటప్పుడు దారి చుట్టు తిరిగి పొడవు పెరుగుతుంది, అందుకే పాత సైజే వేస్తే చాలదు, ఒక మెట్టు పైకి వెళ్లండి. నేను వాడేది ఇలా ఉంటుంది: పార్కింగ్ లైట్లకు, ఇండికేటర్లకు 0.75 లేదా 1, హారన్‌కు, హెడ్‌లైట్లకు, రేడియేటర్ ఫ్యాన్‌కు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టి 2.5. ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) నుంచి బ్యాటరీకి వెళ్లే వైరు ఆల్టర్నేటర్ ఆంపియర్లను బట్టి, ఎప్పుడూ కంపెనీ వేసినదానికన్నా సన్నం కాకుండా. స్టార్టర్ కేబుల్ పొడవు పెంచాల్సి వస్తే అతుకు పెట్టకండి, పూర్తిగా కొత్తది, కంపెనీ వేసినదానికన్నా సన్నం కాకుండా చేయించండి.

మిగతా సామాను: మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్, మంచి క్రింపింగ్ ప్లయర్ (వైరు చివర లోహపు ముక్కను నొక్కి బిగించేది), లోపల గమ్ము ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకునే తొడుగు), కరుగేటెడ్ స్లీవ్ (మడతల గొట్టం), రబ్బరు గ్రోమెట్లు (రంధ్రం అంచుకు తొడిగే రింగులు), రబ్బరు లైనింగ్ ఉన్న ఇనుప క్లిప్పులు, వైరింగ్ సెట్టుకు వాడే బట్ట టేపు. ఫ్యూజులు, రిలేలు, మామూలు వైరు మన ఊళ్లలో ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. గమ్ము ఉన్న స్లీవ్, వేడి తట్టుకునే బట్ట టేపు చిన్న ఊళ్లలో దొరకడం కష్టం, వైజాగ్ వెళ్లేవాళ్లకు చెప్పి తెప్పించుకోండి లేదా ఆన్‌లైన్‌లో తీసుకోండి. దొరకలేదని నల్ల పీవీసీ టేపుతో సరిపెట్టుకోవద్దు, ఇంజిన్ వేడికి దాని గమ్ము కరిగి కారిపోతుంది, తర్వాత ఏ వైరు పట్టుకున్నా చేతికి అంటుకుంటుంది. ప్లయర్ దగ్గర కూడా పీనాసితనం వద్దు. కటింగ్ ప్లయర్‌తో నొక్కేసిన థింబుల్ (వైరు చివర తొడిగే లోహపు ముక్క) ఆ రోజుకు పట్టుకుని ఉంటుంది, ఘాట్ రోడ్డు అదురుకు వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది.

పక్కనే పొడి రకం అగ్నిమాపక సిలిండర్ చిన్నది ఒకటి పెట్టుకోండి. పని అయ్యాక అది బండిలోనే ఉండనివ్వండి.

విప్పడానికి ముందు

ఏదీ ముట్టుకోకముందు అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసి రాసుకోండి. ఎడమ ఇండికేటర్ ముందే వెలగడం లేదనుకోండి, అది తెలియకుండా మొదలుపెడితే చివర్లో మీ కొత్త వైరింగే తప్పనుకుని రెండు రోజులు తల బద్దలు కొట్టుకుంటారు. తర్వాత ఫోటోలు. పైనుంచి, పక్కల నుంచి, ప్రతి కప్లర్ దగ్గర నుంచి, ఏ వైరు ఏ పిన్నులో ఉందో రంగులు కనబడేలా, మంచి వెలుతురులో.

లేబుళ్లకు మాస్కింగ్ టేపు, బాల్ పెన్ను వాడండి. మార్కర్ రాత పెట్రోలు తగిలితే పోతుంది. లేబుల్ మీద పేరు రాయకుండా అంకె రాయడం మేలు, ఎందుకంటే మన వైపు షెడ్డులో సాయం పట్టే కుర్రాడు ఒడియా చదువుతాడు, మీరు తెలుగులో రాస్తారు, ఎలక్ట్రీషియన్ అన్న ఇంగ్లిష్ అక్షరాలు గుర్తుపడతాడు, అంకెలైతే ముగ్గురికీ తెలుసు. 1 నుంచి మొదలుపెట్టి ప్రతి కప్లర్‌కూ రెండు వైపులా ఒకే అంకె అతికించండి, ఒక నోట్‌బుక్కులో ఆ అంకె ఎదురుగా అదేమిటో, వైరు రంగులు ఏమిటో రాయండి. ఆ నోట్‌బుక్కు జాగ్రత్త, చివరిదాకా పనికొస్తుంది.

ఇప్పుడు బ్యాటరీ. నెగటివ్ ముందు విప్పండి, తర్వాత పాజిటివ్. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ జారి బాడీకి తగిలిందంటే బ్యాటరీ మొత్తం దాని గుండా షార్ట్ అవుతుంది. బిగించేటప్పుడు తిరగేసి, పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖర్న. బాడీ మీద ఎక్కడైనా వెల్డింగ్ చేయించే పని ఉంటే అది ఇప్పుడే చేయించుకోండి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) ఉన్న బండి అయితే దాని కప్లర్ కూడా తీసేశాకే.

అక్కర్లేనివి తీసేయడం

నా దృష్టిలో సగం పని ఇదే. పాత బండిలో నలుగురు ఓనర్లు మారి ఉంటే నాలుగు రకాల జోడింపులు ఉంటాయి, ఎప్పుడో తీసేసిన ఫాగ్ ల్యాంపుల వైర్లు, చచ్చిపోయిన అలారం, మ్యూజిక్ సిస్టం కోసం బ్యాటరీ నుంచి ఫ్యూజ్ లేకుండా లాగిన వైరు, రివర్స్ హారన్. వీటిని తీసేస్తే చాలు ఇంజిన్ బే సగం ఖాళీ అయినట్టు కనబడుతుంది, దాచే పని కూడా తగ్గుతుంది.

అయితే వేలాడుతోంది కదా అని కత్తిరించకండి. ఒక చివర పట్టుకుని రెండో చివర దాకా వేలితో వెంబడించండి. దారిలో టేపు చుట్టలోకి దూరిపోతే టేపు విప్పండి. లోపలికి వెళ్లి కనబడకపోతే మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో (రెండు చివరలూ కలిసి ఉంటే కూత పెట్టే చోట) పెట్టి ఒక ముల్లు ఈ చివర, ఇంకో ముల్లు అనుమానం ఉన్న పిన్ను మీద పెట్టండి, కూత వస్తే అదే. రెండు చివర్లూ తెలిసి, రెండింటికీ పని లేదని తేలాకే తీయండి. అలాంటి వైరు అసలు వైరింగ్ మీద అతుకు వేసి తెచ్చుకున్నదైతే ఆ అతుకు దగ్గర అసలు వైరు తొడుగు చీలి ఉంటుంది, రాగి పచ్చబడి ఉంటుంది. బరంపురం, గోపాలపూర్ పక్క ఉప్పుగాలి తిన్న బండ్లలో ఈ పచ్చదనం తొడుగు లోపలికి చాలా దూరం పాకిపోయి ఉండొచ్చు. మెరిసే రాగి కనబడేదాకా కోసుకుంటూ వెళ్లి అక్కడ కొత్త ముక్క వేయండి, పైపైన గీకి టేపు చుట్టి వదలకండి.

తీసేశాక మిగిలిన వైరింగ్‌ను, ఇంజిన్ బేను కడిగి ఆరబెట్టండి. కప్లర్లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ప్రెషర్ వాటర్ కప్లర్ల మీద సూటిగా కొట్టొద్దు.

దారి ఎంచుకోవడం

దాచడానికి ఇంజిన్ బేలో మంచి చోట్లు కొన్నే ఉంటాయి. హెడ్‌లైట్ల వెనక రేడియేటర్ మీది అడ్డ పట్టీ కింద, రెండు పక్కల ఫెండర్ లోపలి అంచు కింద, వైపర్ మోటారు ఉండే గాడి కింద ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ) వెంబడి. జిప్సీకి, జీపుకు చాసిస్ విడిగా ఉంటుంది కాబట్టి చాసిస్ రైలు లోపలి ముఖం వెంబడి కూడా నడపొచ్చు, కాకపోతే బురద, రాళ్లు తగిలేది అక్కడే, గట్టి స్లీవ్ తప్పదు. ఫెండర్‌కూ బయటి రేకుకూ మధ్య ఖాళీలోంచి నడపడం కస్టమ్ బండ్లలో ఎక్కువమంది చేస్తారు, చూడటానికి వైరన్నదే కనబడదు. కానీ అక్కడ టైరు ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, గుంటలో పడి చక్రం పైకి లేచినప్పుడు టైరు ఎక్కడిదాకా వస్తుందో జాకీతో చక్రాన్ని పైకి లేపి చూసుకోండి, ఆ పరిధికి అవతలే వైరు ఉండాలి.

దూరంగా ఉండాల్సినవి: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, రేడియేటర్ ఫ్యాన్ రెక్కలు, స్టీరింగ్ షాఫ్ట్, పెట్రోలు పైపులు, బ్రేకు పైపులు. బ్రేకు పైపు మీద కేబుల్ టై వేసి వైరు కట్టేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని మాత్రం చేయకండి, వైరు అదురుకు పైపు అరిగిపోతుంది.

దారి అనుకున్నాక వైరు కోయకముందు సుతిలి తాడు తీసుకుని ఆ దారంతా పరిచి చూడండి. మలుపుల్లో వదులుగా తిప్పండి, ఇంజిన్ మీదికి వెళ్లే వైరు అయితే ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు మౌంటింగ్‌ల మీద అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి అక్కడ జానెడు వదులు ఉంచండి. తాడు విప్పి కొలిచి, ఆ కొలతకు ఇంకో 15 సెంటీమీటర్లు కలిపి వైరు కోయండి. పొడవు ఎక్కువైతే మడిచి పెట్టుకోవచ్చు, తక్కువైతే మళ్లీ అతుకే.

ఫ్యూజ్ బాక్స్, రిలేలు గ్లవ్ బాక్స్ కింద క్యాబిన్ లోపలికి మార్చడం మంచి పద్ధతి, వాన తడి తగలదు, చేతికి అందుతుంది. అయితే బ్యాటరీ పాజిటివ్ దగ్గర ఉండే మెయిన్ ఫ్యూజ్ అక్కడే ఉండాలి, బ్యాటరీకి జానెడు దూరంలోపు. దాన్ని కూడా లోపలికి తీసుకెళ్తే బ్యాటరీ నుంచి క్యాబిన్ దాకా వచ్చే లావు వైరుకు దారిలో ఏ కాపలా ఉండదు. బ్యాటరీని డిక్కీలోకి మార్చమని కొందరు సలహా ఇస్తారు, నేనైతే వద్దంటాను. లావు కేబుల్ బండి పొడవునా నడపాలి, మామూలు బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి క్యాబిన్‌లోకి రాకుండా బయటికి గొట్టం పెట్టాలి, ఇంత చేసి మిగిలేది కొంచెం ఖాళీ. బ్యాటరీకి నల్ల రంగు వేసిన రేకు మూత ఒకటి చేయించండి, సరిపోతుంది.

రంధ్రాలు

వీలైనంతవరకు కంపెనీ చేసిన రంధ్రాలే వాడండి. కొత్తది చేయాల్సి వస్తే సస్పెన్షన్ టవర్ మీద, చాసిస్ రైలు మీద, వెల్డింగ్ అతుకుల దగ్గర డ్రిల్ పెట్టొద్దు. రేకు వెనక ఏముందో చెయ్యి పెట్టి చూశాకే డ్రిల్ చేయండి. రంధ్రం అంచును గుండ్రటి ఆకురాయితో వేలు పెట్టినా గీసుకోనంత నున్నగా చేసి, ప్రైమరు పూసి, అది ఆరాక గ్రోమెట్ బిగించండి. ప్రైమరు వేయకపోతే ఒక్క వానాకాలానికే అక్కడ తుప్పు మొదలవుతుంది. గ్రోమెట్ లేకుండా వైరు రేకు అంచు మీద ఆనితే ఆ అంచు కొన్ని నెలల్లో తొడుగు కోసేస్తుంది, షార్ట్ అయ్యేది అక్కడే. ఫైర్‌వాల్‌లోకి వెళ్లే చోట వైరు నేరుగా రంధ్రంలోకి పోకుండా రంధ్రం కన్నా కిందికి ఒకసారి వంగి మళ్లీ పైకి లేచి వెళ్లేలా చూడండి, వైరు వెంబడి జారే వాన నీరు ఆ వంపు దగ్గర కిందికి కారిపోతుంది, క్యాబిన్‌లోకి రాదు. శ్రావణమాసంలో రాయగడ నుంచి పార్వతీపురం దాకా ఒకసారి వెళ్లొస్తే ఈ చిన్న వంపు విలువ తెలుస్తుంది.

అతుకులు

మొదటి మాట, అతుకు లేకుండా చేయగలిగితే అతుకు వేయకండి. టెర్మినల్‌ను (వైరు చివర ఉండే లోహపు పిన్నును) కప్లర్ లోంచి తీసి, అక్కడి నుంచి కొత్త పొడవు వైరు వేయడం ఎప్పుడూ మేలు. కప్లర్ ముందు వైపు నుంచి సన్నని పిన్ను పెట్టి లోపలి నాలుకను నొక్కితే టెర్మినల్ వెనక్కి వచ్చేస్తుంది.

కొత్త టెర్మినల్ బిగించడం నిదానంగా చేయండి. వైరు చివర అయిదారు మిల్లీమీటర్లు ఒలవండి, పోగులు ఒక్కటి కూడా తెగకూడదు. టెర్మినల్‌కు వెనక రెండు జతల రెక్కలు ఉంటాయి, ముందు జత రాగిని పట్టుకోవాలి, వెనక జత తొడుగును పట్టుకోవాలి. రెండు జతల మధ్య ఖాళీలోంచి చూస్తే తొడుగు అంచు, రాగి రెండూ కనబడాలి, ముందు జత దాటి రాగి చిటికెడు బయటికి రావాలి. ముందు జతను ప్లయర్ సరైన గాడిలో పెట్టి నొక్కితే రెక్కలు రెండూ లోపలికి ముడుచుకుని రాగిలో దిగుతాయి. తర్వాత వెనక జత. ఇప్పుడు వైరు పట్టుకుని గట్టిగా లాగండి. ఊడొచ్చిందంటే మంచిదే, చేతిలోనే ఊడింది, రోడ్డు మీద కాదు. కోసి మళ్లీ చేయండి.

మధ్యలో అతుకు తప్పకపోతే క్రింపింగ్ జాయింటరు వేసి, పైన గమ్ము ఉన్న స్లీవ్ తొడిగి హీట్ గన్‌తో వేడి చేయండి. స్లీవ్ ముడుచుకున్నాక రెండు చివరల్లోనూ గమ్ము ఒక సన్నని వలయంలా బయటికి తొంగిచూడాలి, అప్పుడే లోపలికి నీరు పోదు. లైటరుతో కాలిస్తే ఒక వైపు మాడి ఇంకో వైపు ముడుచుకోదు. సోల్డరింగ్ చేయొచ్చా అని అడుగుతారు, చేయొచ్చు, కానీ సోల్డర్ పోగుల్లోకి పీల్చుకుపోయి ఆ చోట వైరు పుల్లలా బిగుసుకుంటుంది, అదురుకు సరిగ్గా ఆ బిగుసుకున్న చోటు అయిపోయే దగ్గర విరుగుతుంది. మన కొండ రోడ్లకు క్రింపింగే నమ్మకం. ఒకే కట్టలో నాలుగైదు అతుకులు వస్తే అన్నీ ఒకే చోట రాకుండా ముందూ వెనకా జరిపి వేయండి, లేకపోతే కట్ట అక్కడ లావెక్కుతుంది, ఒకటి పాడైతే పక్కదానికి తగులుతుంది.

సెన్సార్ వైర్లు ఉన్న బండి అయితే, క్రాంక్ సెన్సార్, ఆక్సిజన్ సెన్సార్ వైర్లను వీలైనంతవరకు పొడిగించకండి, ఉన్న పొడవులోనే దారి చూసుకోండి. జల్లెడ తొడుగు (సన్నని లోహపు తీగలతో అల్లినది) ఉన్న వైరు అయితే ఆ తొడుగు కంపెనీ ఎర్త్ చేసిన ఒక్క చివరే ఎర్త్ అయి ఉండాలి, రెండో చివర బాడీకి తగలకూడదు. ప్లగ్ వైర్లకు, ఆల్టర్నేటర్ కేబుల్‌కు వీటిని ఆనించి కట్టొద్దు. కట్టారంటే బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, మధ్యలో ఎందుకో దగ్గుతుంది, కారణం ఎవరికీ దొరకదు.

ఎర్త్

రంగు వేసి, వైరింగ్ దాచి, అన్నీ బిగించాక లైట్లు మసకగా, హారన్ బొంగురుగా వస్తే పదింట తొమ్మిదిసార్లు ఎర్తే కారణం. కొత్త రంగు కరెంటును పోనివ్వదు, ఎర్త్ బోల్టు రంగు మీదే బిగిస్తారు. బోల్టు కూర్చునే చోట రూపాయి బిళ్లంత మేర రంగు గీకి మెరిసే ఇనుము తేల్చండి, థింబుల్ పెట్టి బిగించండి, బిగించాక పైన గ్రీజు పూయండి. బ్యాటరీ నుంచి బాడీకి ఒకటి, బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు ఒకటి, ఇంజిన్ నుంచి బాడీకి ఇంకొకటి ఉండి తీరాలి. ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుంటుంది, దానంతటది బాడీకి ఎర్త్ కాదు. హెడ్‌లైట్ల ఎర్త్ వైర్లన్నీ ఒకే బోల్టు మీద కుక్కకుండా రెండు చోట్ల పంచండి.

టేపు చుట్టకముందే పరీక్ష

అన్నీ పరిచాక వెంటనే టేపు చుట్టాలనిపిస్తుంది, ఆగండి. ఫ్యూజులన్నీ తీసేయండి. లైట్లు, ఫ్యాను, తలుపు దీపం అన్నీ ఆపండి. బ్యాటరీ పాజిటివ్ బిగించి, నెగటివ్ కేబుల్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి వైర్లతో కలపండి. బల్బు గట్టిగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది, కానీ ఆ బల్బు కరెంటును రెండు ఆంపియర్ల లోపే ఆపుతుంది కాబట్టి ఏదీ కాలదు, నిదానంగా వెతుక్కోవచ్చు. వెలగకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి, ఏ ఫ్యూజు పెట్టగానే వెలిగిందో తప్పు ఆ దారిలోనే. అంతా సవ్యంగా ఉంటే బల్బు తీసి నెగటివ్ నేరుగా బిగించండి. ఈ బల్బు ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు.

ఫ్యూజ్ సైజు వైరును బట్టి ఉండాలి, 1 సైజు వైరుకు 10 ఆంపియర్లు, 1.5కు 15, 2.5కు 20 దాటొద్దు. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేస్తే ఆ తర్వాత కాలేది వైరే.

ఇంజిన్ స్టార్ట్ చేసి బ్యాటరీ మీద చూడండి, 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. లైట్లు, ఫ్యాను, వైపర్లు అన్నీ వేసి, మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకొకటి ఇంజిన్ మీద, తర్వాత బాడీ మీద పెట్టి చూడండి, 0.2 వోల్టులోపు ఉంటే ఎర్త్ బాగుంది. ఇంజిన్ నడుస్తుండగానే ఫ్యానుకు, బెల్టుకు దూరంగా వైర్ల కట్టను చేత్తో మెల్లగా కదిపి చూడండి, ఏ లైటైనా మినుకుమంటే ఆ కట్టలో వదులు ఉంది. అరగంట నడిపి ఆపాక అతుకుల మీద, రిలేల మీద చెయ్యి పెట్టండి, గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, వేలు పెట్టలేనంత వేడి ఉంటే అక్కడ మళ్లీ చేయాలి.

చుట్టడం, కట్టడం, ఎలుకలు

ఇక టేపు. ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగాన్ని కప్పుతూ, ఒకే బిగువుతో. మరీ బిగించి లాగితే కట్ట కర్రలా అవుతుంది, మలుపులో వంగదు. కొమ్మ విడిపోయే చోట రెండు మూడు చుట్లు అదనంగా వేయండి. పైన కరుగేటెడ్ స్లీవ్ తొడిగితే దాని చీలిక కిందికి చూడాలి, నీరు చేరితే కారిపోవడానికి. రబ్బరు క్లిప్పులు జానెడుకొకటి. కేబుల్ టైల తోకలు మొదలంటా కోయండి, వాడిగా మిగిలితే రేపు చెయ్యి పెట్టినవాళ్లకు గీసుకుంటాయి.

ఎలుకల సంగతి మన వైపు తేలిగ్గా తీసుకోవద్దు. వానలు పడితే పొలాల్లోంచి వచ్చి వెచ్చగా ఉంటుందని బానెట్ కిందకు చేరతాయి, వైర్లు దాచిన ఫెండర్ ఖాళీ వాటికి కావాల్సిన చోటే. పొగాకు కాడలు పెట్టేవాళ్లు ఉన్నారు, ఎండిన ఆకు ఎగ్జాస్ట్ పక్కకు జారితే నిప్పంటుకుంటుంది, నాకు ఆ పద్ధతి నచ్చదు. ఆ ఖాళీలోకి తెరుచుకునే రంధ్రాలకు సన్నని ఇనుప జాలీ కోసి బిగించండి, కింద నీరు కారే కంతలు మాత్రం జాలీతో సరి, ఎం-సీల్‌తో మూయకండి. వానాకాలంలో నెలకోసారి ఫెండర్ లైనింగ్ విప్పి టార్చి వేసి చూడండి. లైనింగ్ స్క్రూలు తేలిగ్గా వచ్చేలా గ్రీజు పెట్టి బిగిస్తే ఆ పని పావుగంటలో అవుతుంది.

ఆఖరి పని నోట్‌బుక్కుది. ఇప్పుడున్న దారులన్నీ ఒక కాగితం మీద బండిని పైనుంచి చూసినట్టు గీయండి, ఏ కట్ట ఎక్కడ ఏ రంధ్రంలోకి పోతుందో, అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ ఫ్యూజు దేనిదో, ఏ రిలే దేనిదో అంకెలతో రాయండి. దాన్ని లామినేషన్ చేయించి ఒకటి ఫ్యూజ్ బాక్స్ మూత లోపల, ఒకటి ఆర్సీతో పాటు పెట్టండి, వాటితో పాటు రకానికి రెండు ఫ్యూజులు, ఒక రిలే. ఫోనులో కూడా ఒక ఫోటో ఉంచుకోండి. మొదటి ఘాట్ ప్రయాణం చేసొచ్చాక ఎర్త్ బోల్టులు, బ్యాటరీ టెర్మినళ్లు, క్లిప్పులు ఒకసారి స్పానర్ పెట్టి చూసుకుని, వదులైనవి బిగించండి.